పొడుగు, దూరం, గోల

అబ్దుల్ గఫార్ గారికి మనుషుల పేర్లు గుర్తుండవు. బ్యాండ్లు గుర్తుంటాయి. రేడియోలో మీడియం వేవు, షార్టు వేవు ఉన్నట్టే మనుషుల్లోనూ ఉన్నాయని ఆయన గట్టి నమ్మకం. కొత్తవాళ్లు ఎదురైతే కుశలం అడిగేలోపే ఆయన మనసులో మూడు ప్రశ్నలు లేస్తాయి. పొడుగెంత? దూరమెంత? గోలెంత? ఏ బ్యాండుకైనా కట్టాల్సిన ఏరియల్ పొడుగు, అది అందుకునే దూరం, దాంట్లో వచ్చే గరగర, ఈ మూడూ తెలిస్తే లోకంలో ఇక తెలుసుకోవాల్సిందేమీ లేదంటారు.

బందరు కోర్టులో గుమాస్తాగిరీ పొట్ట కోసం. రేడియో ప్రాణం కోసం.

“మన పోస్టుమాన్ పోలీసు వైర్‌లెస్సు లాంటివాడు,” అనేవారు. “జానెడు పుల్ల చాలు. మాట అద్దంలా ఉంటుంది. వీధి మలుపు తిరిగాడో, ఇక వినపడడు.” గుడివాడలో ఉన్న పిన్నత్త నాగూర్ బీ షార్టు వేవు. రెండు బారల తీగకే ఢిల్లీ కబుర్లన్నీ చెప్పేస్తుంది. కాకపోతే మంచి రసపట్టులో ఉండగా గొంతు సన్నబడి మాయమైపోతుంది.

గూడూరులో చుట్టాలమ్మాయి హమీదాకి సంబంధం చూడ్డానికి వెళ్లినప్పుడూ ఇదే వరస.

“పిల్లాడెలా ఉన్నాడు బావగారూ?” అని అడిగాడు పిల్ల తండ్రి.

“ఏరియల్ పొడుగే. దూరం తక్కువ.”

“అంటే?”

“గూడూరు దాటి ఆలోచించడు. గోల మాత్రం బొత్తిగా లేదు. ఇచ్చేయండి.”

ఇచ్చేశారు. హమీదా సుఖంగానే ఉంది, అది వేరే సంగతి.

ఇక ఆయన భార్య నూర్ బీ మీడియం వేవు. “పొడుగాటి తీగ కావాలి. జిల్లా అంతా వినపడుతుంది. ఉరిమిందంటే మాత్రం చెవులు మూసుకోవాల్సిందే.” ఈ మాట ఆయన భోజనానికి కూర్చుని, ఆమె వడ్డిస్తుండగానే అన్నారు. ఆ పూట కూర రెండోసారి పడలేదు.

ఇదంతా నూర్ బీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది దండెం సంగతి. పెరట్లో బట్టలారేసే దండెం తీగ నెలా రెండు నెలలకోసారి మాయమయ్యేది. అది ఇనపతీగ. తుప్పు మరక చీరలకి అంటకుండా ఆమె తన పాత ఆకుపచ్చ చీర చింపి, ఆ పీలికలు తీగకి చుట్టి మరీ కట్టుకునేది. తడిబట్టల బకెట్టు మోసుకుని పెరట్లోకి వెళ్తే రెండు గుంజలూ బోడిగా నిలబడి ఉండేవి.

“ఏమండీ, దండెం ఏదీ?”

“ప్రయోగంలో ఉంది.”

“అంతకుముందుది?”

“అదీ ప్రయోగంలోనే.”

“డాబా మీద ఒక్క తీగే ఉందిగా! తక్కినవన్నీ ఎక్కడ ప్రయోగిస్తున్నారు, నా నెత్తినా?”

గఫార్ గారు ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకునేవారు. చీరలు గోడ మీదా, తలుపుల మీదా, జామచెట్టు మీదా ఆరేవి. ఇనప సామాన్ల కొట్టు రామబ్రహ్మం అయితే, “ఏవమ్మా, చాకిరేవు గానీ పెట్టారా?” అని అడిగేశాడు.

ఆ ఇంట్లో ఎత్తకూడని మాట ఒకటుంది. సముద్రం. నూర్ బీ తమ్ముడు కాలేషా గిలకలదిండి రేవులో బాలస్వామి మరబోటు మీద ఇంజను డ్రైవరు. తల్లి పోయాక ఆమె చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. ఉప్పెన దివిసీమని ఊడ్చుకుపోయిననాడు అతను జ్వరంతో ఇంట్లో పడుకుని ఉండబట్టి బతికాడు. వేట మానెయ్యమంటే మానలేదు. అప్పట్నించీ ఎవరైనా సముద్రం అన్నారంటే చాలు, నూర్ బీ చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఉప్పెన వచ్చిన రెండో ఏడు, వేసవిలో ఒకనాటి మధ్యాహ్నం. ముందురోజే బోట్లు వేటకి వెళ్లాయి. చూస్తుండగానే తూర్పున మబ్బు కమ్ముకొచ్చింది. గఫార్ గారి రేడియోలో ఉరుముల గరగర మధ్య ముక్కలు ముక్కలుగా మాటలొస్తున్నాయి. వాయుగుండం బలపడింది... వేటకెళ్లినవారు వెంటనే ఒడ్డుకి...

నూర్ బీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “డాబా మీద అంత తీగ ఉన్న మనకే సగం వినపడ్డంలేదు. బోట్లో ఉండేది అరచేతంత డబ్బా. వాళ్లకేం వినపడుతుందండీ?”

“పోలీసు వైర్‌లెస్సులో గోల ఉండదు, కానీ సముద్రం మీద అంత దూరం అందదు,” అన్నారు గఫార్ గారు, ఆమెకి చెబుతున్నట్టూ లేదు, తనలో తను లెక్క వేసుకుంటున్నట్టుంది. “షార్టు వేవు ఎంత దూరమైనా అందుతుంది, కానీ మన జిల్లా కబురు దాంట్లో చెప్పరు. ఇక మీడియం వేవే దిక్కు. దానికి పొడుగు కావాలి. పైగా ఈ ఉరుముల గోల...”

“మీ కొలతలు మండిపోనూ! నా తమ్ముడు సముద్రంలో ఉన్నాడు!”

ఆ మాట ఆమె నోట రావడం ఉప్పెన తరవాత అదే మొదలు. గఫార్ గారు గొడుగూ, ట్రాన్సిస్టరూ తీసుకున్నారు. “పద,” అన్నారు.

రిక్షా పున్నయ్య ఎదురుగాలికి తొక్కలేక సగం దారి దిగి లాగాడు. గిలకలదిండి రేవులో ఆడవాళ్లంతా గట్టు మీదే ఉన్నారు. వలలు అల్లేవాళ్లు చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి నిలబడ్డారు. బాలస్వామి భార్య అంకమ్మ వచ్చి నూర్ బీ చెయ్యి పట్టుకుంది.

వాన మొదలైంది. గఫార్ గారు తను తడుస్తూ గొడుగు రేడియోకి పట్టి, “పొడుగు చాలాలి, యా అల్లా, పొడుగు చాలాలి,” అని గొణుగుతున్నారు. అది విని నూర్ బీకి ఒళ్లు మండింది. మనుషులు పోతుంటే ఈయన పొడుగు గొడవేమిటి? ఆ రేడియో లాక్కుని కాలవలో గిరాటెయ్యాలనిపించింది.

“అదిగో!” అని ఎవరో అరిచారు.

బోటే. కాలేషా వాళ్లది కాదు. దాని జెండా కొయ్య మీంచి కిందికి ఆకుపచ్చగా ఏదో రెపరెపలాడుతోంది. వెనకాలే ఇంకోటి వచ్చింది. దాని మీదా ఆకుపచ్చే. నూర్ బీ కళ్లు తుడుచుకుని చూసింది. ఆ రంగు ఆమెకి తెలుసు. పెళ్లైన కొత్తలో గఫార్ గారు కొనిచ్చిన చీర రంగది.

వరసగా బోట్లు వస్తున్నాయి, బాలస్వామి బోటు రాదు. అంకమ్మ గోళ్లు నూర్ బీ చేతిలో దిగబడుతున్నాయి. అన్నిటికన్నా వెనక, అలల మీద పడుతూ లేస్తూ వచ్చింది అది.

కాలేషా గట్టు మీదికి దూకగానే నూర్ బీ వాడి చెంప ఛెళ్లుమనిపించి, ఆ వెంటనే కావలించుకుంది.

“ఎలా తెలిసిందిరా?”

“బావ కట్టిన తీగ, అక్కా! ఉత్త డబ్బాలో గరగర తప్ప ఏమీ లేదు. బావ చెప్పినట్టు ఇంజను ఆపి, తీగ కొస డబ్బాకి చుట్టి విన్నాం. ‘ఒడ్డుకి’ అన్న మాట దొరికింది. తీగ లేని వాళ్ల దగ్గరికి మేమే వెళ్లి తువ్వాలు ఊపి చెప్పాం, అందుకే ఆలస్యం.”

బాలస్వామి తల గోక్కున్నాడు. “నిజం చెప్పొద్దూ సాయిబు గారూ, వల లాగేటప్పుడు అడ్డమొస్తోందని ఆ తీగ ఎప్పుడో తెంపి పారేసేవాళ్లం. పచ్చగుడ్డలు చుట్టి ఉన్నాయి కదా, దర్గాలో మంత్రించి తెచ్చారనుకున్నామండీ. శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి కూడా వేస్తున్నాం.”

“నా దండేనికా!” అంది నూర్ బీ. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. “నాకొక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయిందండీ?”

“సముద్రం మాట ఎత్తొద్దన్నావుగా,” అన్నారు గఫార్ గారు, రేడియో తుడుచుకుంటూ.

ఇన్నాళ్లూ ఈ మనిషిని తిట్టిన తిట్లన్నీ నూర్ బీకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కొంగుతో ఆయన తడితల తుడిచింది, రేవు రేవంతా చూస్తున్నా సరే.

తుఫాను వెలిశాక ఆమే రామబ్రహ్మం కొట్టుకి వెళ్లి కొత్త తీగ తెచ్చింది. మిగిలిన ఆకుపచ్చ చీరంతా చింపి చుట్టింది. గఫార్ గారు భోజనానికి కూర్చోగానే ఆ తీగచుట్ట తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది.

“తీగ లేని బోట్లున్నాయటగా. ఈ పొడుగు చాలుతుందా?”

“భేషుగ్గా.”

“దూరం?”

“కాలేషా ఎంత దూరం వెళ్తే అంత దూరం.”

“మరి గోల?”

గఫార్ గారు ఒకసారి ఆమె మొహం చూశారు. ఒకసారి పళ్లెం చూసుకున్నారు. అందులోకి కూర ఇంకా రాలేదు.

“గోలా? ఎక్కడా వినపడదే!” అన్నారు.

ఆ పూట కూర మూడుసార్లు పడింది.