బకెట్ అడుగున ఇసుక

పిల్లలతో ప్రయాణమంటే ఆ ఇంట్లో పెట్టె సర్దేది పెద్దమ్మే. పేరు పెట్టి పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు కాబట్టి, పాలవాడి దగ్గర్నుంచి పక్కింటివాళ్ల దాకా అందరికీ ఆమె పెద్దమ్మే. నడిపిదానికి రైలెక్కితే వాంతులు, అందుకని దాని మార్చుడు బట్టలూ పాత తువ్వాలూ అన్నిటికంటే పైన ఉండాలి. పెద్దోడికి రైలు కదలగానే ఆకలి, వాడి బిస్కెట్లు చేతిసంచీలో ఉండాలి. ఆఖరివాడు బుడంకాయ్ గాడి దుప్పటిని మాత్రం ఉతక్కూడదు, ఆ వాసన లేకపోతే వాడికి నిద్ర పట్టదు. ఇవన్నీ కన్నతల్లికి తెలియవా అంటే, ఎందుకు తెలియాలమ్మా, అక్క ఉండగా! చెల్లెలు అద్దం ముందు నుంచే "అన్నీ పెట్టేశావుగా అక్కా?" అని అడిగేది. మరిది గడియారం చూసుకుంటూ వసారాలో అటూ ఇటూ తిరిగేవాడు. అక్కడికి ఆయన తిరుగుతుంటే పెట్టెలు వాటంతటవే నిండుతున్నట్టు.

భర్త పోయిన ఏడాది చెల్లెలి తొలి పురుడికి సాయమొచ్చింది పెద్దమ్మ. ఓ నెల ఉండి పోదామనుకుంది. ఎక్కడికి పోవాలో తెలియక ఉండిపోయింది. పొమ్మన్నవాళ్లు లేరు. ఉండమని నోరారా అన్నవాళ్లూ లేరు. చేతినిండా పని మాత్రం ఉంది.

ప్రతి వేసవికీ వాళ్లు వెళ్లేది సముద్రం ఒడ్డుకే. మరిది ఆఫీసు వాళ్ల గెస్ట్‌హౌస్ ఒకటుంది అక్కడ. ఇన్నేళ్లు వెళ్లొచ్చినా పెద్దమ్మ సముద్రాన్ని చూడలేదంటే నమ్ముతారా? నమ్మండి. గది కిటికీలోంచి కనబడేది వంటింటి వెనక గోడ, దానికి ఆనించిన చెత్తడబ్బాలు. హోరు మాత్రం వినబడేది. అందరూ నీళ్లలోకి పరిగెత్తే వేళకి ఎవరో ఒక పసివాడు నిద్రపోతుండాలి, వాడి పక్కన పెద్దమ్మ ఉండాలి. మొదట పెద్దోడు, తర్వాత నడిపిది, ఆ తర్వాత బుడంకాయ్ గాడు. "పొద్దున్నే ఒక్కసారి వెళ్లొస్తానే" అని ఓసారి అడిగింది కూడా. "వీడు లేచి నువ్వు కనబడకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడక్కా. వచ్చే ఏడు చూద్దువులే, సముద్రం ఎక్కడికి పోతుంది!" అంది చెల్లెలు.

సముద్రం ఎక్కడికీ పోలేదు. పెద్దమ్మా పోలేదు. సాయంత్రం తడిబట్టల మూట ఆమె ముందు పడేది. జాడించి పిండాక బకెట్ అడుగున ఇంత ఇసుక మిగిలేది. దాన్ని వేళ్ల మధ్య కాసేపు రాసి చూసుకుని పారబోసేది. ఆమెకి దక్కిన సముద్రం అంతే.

కిందటి వేసవిలో తిరిగొచ్చాక పెద్దమ్మ పట్టుదలకొచ్చింది. బుడంకాయ్ గాడొక్కడు తన పనులు తను చేసుకుంటే ఇక అడ్డేముంది? వాడే ఆఖరివాడు కదా. ఆ ఏడంతా వాడి వెంట పడింది. తన చేత్తో తినడం, బాత్రూముకి తనే వెళ్లడం, పక్కన ఎవరూ లేకుండా పడుకోవడం అన్నీ నేర్పింది. బూట్ల దగ్గర మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

"ఒరే బుడంకాయ్, ఎడం కాలిది కుడికాలికేసుకుంటే ఎటు పోతావురా?"

"నువ్వెయ్యి పెద్దమ్మా."

"నేనెయ్యనంటే ఎయ్యను. నీకొచ్చేస్తే మనిద్దరం సముద్రానికెళ్దాం."

"నీకు ఈతొచ్చా?"

"కాళ్లు తడుపుకోడానికి ఈతెందుకురా, పిచ్చి మొహమా!"

వాడు పకపకా నవ్వాడు. నేర్చుకున్నాడు కూడా. మళ్లీ వేసవి వచ్చింది. పెద్దమ్మ పెట్టె తెరిచి, ఉప్పునీళ్లు పడినా ఫరవాలేదనుకున్న పాత నీలం చీర ఒకటి అన్నిటికంటే ముందు అడుగున పరిచింది. ఎప్పుడూ తన బట్టలు విడిగా గుడ్డసంచీలో కుక్కుకునే మనిషి, ఆ ఒక్కసారి పిల్లల పెట్టెలో చోటు తీసుకుంది. పైన అందరివీ సర్ది మూత వేస్తుండగా చెల్లెలు వచ్చింది.

"అక్కా, ఈసారి నువ్వు ఇంట్లో హాయిగా కాళ్లు చాపుకుని కూర్చో. నీ చలవ వల్ల బుడంకాయ్ గాడు కూడా దారిన పడ్డాడు, ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. ఇంకా నిన్నెందుకు కష్టపెట్టడం అని ఆయన టికెట్లు మా వరకే తీశారు."

పెద్దమ్మకి ఒళ్లు భగ్గుమంది. ఏడాదంతా కూర్చుని తన గొయ్యి తనే తవ్వుకుంది! నేనూ వస్తానే అంటే కాదనేవాళ్లు కారేమో. కానీ ఎలా అడుగుతుంది? ఇంటి మనిషిని వెంట తీసుకెళ్లడానికి ఉచ్చగుడ్డలే సాకు కావాలా? "అలాగేలేవే" అంది.

చీర అడుగున ఉంది కదా. అది తీయాలంటే పెట్టంతా విప్పాలి. విప్పింది. చీర తీసి పక్కన పెట్టి, మళ్లీ అన్నీ మొదట్నుంచీ సర్దింది. నడిపిదాని తువ్వాలు పైనే పెట్టడం మర్చిపోలేదు.

తెల్లారి గుమ్మంలో బుడంకాయ్ గాడు మెట్టు మీద కూర్చుని ఎవరి సాయం లేకుండా బూట్లు వేసుకున్నాడు. ఏ కాలిది ఆ కాలికే. తారుమారుగా వేసుకుంటే బావుండునని పెద్దమ్మ మనసులో ఎంత కోరుకుందో!

"నాకొచ్చేసిందిగా! మరి నువ్వు చెప్పులేసుకోవేం?" అన్నాడు వాడు.

మరిది "టైమైపోతోంది రారా" అంటూ వాణ్ని చంకనేసుకుని ఆటో ఎక్కించాడు. వాడు వీధి మలుపు దాకా పెద్దమ్మా పెద్దమ్మా అని అరుస్తూనే ఉన్నాడు.

తిరిగొచ్చిన రోజున చెల్లెలు పెట్టెలోంచి తడిబట్టల మూట తీసి, "కాస్త జాడించేయవా అక్కా, కంపు కొడుతున్నాయి" అంది. ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారుగా అనే మాట పెద్దమ్మ నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. పెరట్లో కూర్చుని చిన్న చొక్కాలూ లాగులూ జాడించి ఆరేసింది. బకెట్ అడుగున ఎప్పట్లాగే ఇసుక. ఈసారి దాన్ని ముట్టుకోలేదు. బకెట్ ఎత్తి విసురుగా కుమ్మరించింది. ఆ ఉప్పునీళ్లు ఆమె కాళ్లనే తడుపుకుంటూ పోయాయి. వేళ్ల సందుల్లో ఇసుక ఇరుక్కుంది. పెద్దమ్మ ఓ క్షణం దానికేసి చూసి, పంపు తిప్పి కాళ్లు కడిగేసుకుని, పిల్లలకి పాలు వేడిచేయడానికి లోపలికెళ్లింది.