ఎనిమిది మెట్లని చదివిన సాయంత్రం

గొంతు బొంగురుపోయిందని నిన్న పొద్దున్న మా ఆవిడ కరక్కాయ ముక్క ఒకటి చేతిలో పెట్టింది. బుగ్గన పెట్టుకున్నాను. వగరు నాలుకంతా పాకి దవడలు బిగుసుకున్నాయి. కాసేపటికి మంచినీళ్ళు తాగితే తియ్యగా అనిపించాయి. ఆ తీపి నాకు పాత పరిచయం. కొత్తపేట పక్కన, ఒకప్పటి కొబ్బరికాయల కొట్టుని రెండు గదులుగా చేసి నడిపే చిన్న రేడియో స్టేషన్లో, మైకు ముందు కూర్చునే ప్రతి విద్యార్థికీ ఎస్తేరు టీచరుగారు ఇలాగే ఒక ముక్క ఇచ్చేవారు. నేనిప్పుడు విజయవాడలో ఒక ఛానల్లో వార్తలు చదువుతాను. ఎవరో రాసిస్తారు, నేను చదువుతాను. రోజుకి ఎన్ని అంకెలు చదువుతానో, అందులో ఎన్ని నిజమో నాకు తెలియదు. సాయంత్రానికి గొంతు అలిసిపోతుంది. గొంతుకంటే ముందు ఇంకేదో అలిసిపోతుంది.

టీచరుగారు హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యాక ఆ స్టేషను బాధ్యత తీసుకున్నారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నూలు చీర, మెడలో చిన్న సిలువ, చేతికి మగవాళ్ళ గడియారం. ఆ రేడియో గోదావరికి ఇటూ అటూ కొన్ని ఊళ్ళకే వినపడేది. జీతాలు లేవు. డిగ్రీ చదివే మేము ముగ్గురం కాలేజీ అయ్యాక సైకిళ్ళేసుకుని వచ్చి పని నేర్చుకునేవాళ్ళం. నేను వచ్చింది ఊరి సేవకి కాదు. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవారు, ఆ గొంతుని పట్నం దాకా తీసుకెళ్ళే దారి ఇదేనని వచ్చాను.

ఆవిడ మొదట నేర్పింది మాట్లాడడం కాదు, ఆగడం. ఓసారి కొబ్బరి పీచుతో తాడు పేనే ఒక ముసలామె దగ్గరికి నన్ను తీసుకెళ్ళారు. ఆమె పీచు నానబెట్టడం దగ్గర్నించీ అంతా చెప్పింది. అయిపోయిందని నేను రికార్డరు కట్టేయబోయాను. టీచరుగారు నా చెయ్యి పట్టుకుని ఆపి, "ఇంకేమైనా చెప్పాలా అండీ?" అని ఆమెని అడిగారు. అడిగి ఊరుకున్నారు. చాలాసేపు కాకుల అరుపు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆమె, తనకి చూపు పోయి ఏడాదయిందని, తడుముకుని పేనుతున్నానని, షావుకారికి తెలిస్తే పని మాన్పిస్తాడని చెప్పింది. ఇది మాత్రం రేడియోలో వెయ్యొద్దంది. వెయ్యలేదు.

తిరిగొస్తూ, వెయ్యనిదానికి అంతసేపు ఎందుకు కూర్చున్నామని విసుక్కున్నాను.

"మా నాయనమ్మ ఊళ్ళో రైతుల పొలాల్లో వరి ఊడ్చి బతికింది బాబూ. ఆవిడ మాట మొదలెడితే, సర్లే, పనిచూడు అనేవారు. సగం మాటలు కడుపులోనే పెట్టుకుని పోయింది. వెయ్యకపోతే వెయ్యకపోయేం. వినాలి కదా."

మా స్టేషనుకి ఒక ఆనవాయితీ ఉండేది. వరదల రోజుల్లో సాయంత్రం ఆరింటికి గోదావరి మట్టం చెప్పేవాళ్ళం, కానీ అడుగుల్లో కాదు. బ్యారేజీ దగ్గర ఎన్ని అడుగులుందో చెబితే ఏటి మధ్య లంకలో ఉన్నవాళ్ళకి ఏం తెలుస్తుంది? అందుకని టీచరుగారు రేవు మెట్లు లెక్కపెట్టించేవారు. రేవులో పడవ నడిపే సత్తియ్యకి మేము ఫోను చెయ్యాలి. పైనుంచి ఎన్ని మెట్లు ఇంకా తేలి ఉన్నాయో అతను చూసి చెబుతాడు. అది రాసుకుని చదవాలి. ఐదు మెట్లు, అంతకు తక్కువ అని వినపడితే లంకవాళ్ళు రాత్రికి ఆగకుండా పశువుల కట్లు విప్పి ఏటిగట్టు మీదికి తోలుకుపోయేవారు. లంక ఇళ్ళల్లో ఆరింటికి మాటలాగిపోయేవి. ఆ ఒక్క అంకె కోసం.

ఆ రోజు ఆరింటి పని నాది. పొద్దున్న తొమ్మిది మెట్లున్నాయి. మా దగ్గర ఎండ కాస్తోంది. విజయవాడలో ఒక పెద్ద రేడియోవాళ్ళకి నా గొంతు రికార్డు చేసి పంపాలి, ఆ వారమే గడువు. మధ్యాహ్నం నుంచి రెండో గదిలో కూర్చుని ఒకే పేరా మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను. ఆరు కావడానికి రెండు నిమిషాలుందనగా గుర్తొచ్చింది. సత్తియ్యకి ఫోను చేస్తే, అతను రేవు దాకా నడిచి, చూసి చెప్పేసరికి పది నిమిషాలు. నేను ఫోను చెయ్యలేదు. కాగితం మీద ఎనిమిది అని రాసుకుని చదివేశాను. పొద్దుటి తొమ్మిదే చదివితే కనుక్కోలేదని తెలిసిపోతుందని ఒకటి తగ్గించాను. ఆ తెలివి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ సాయంత్రం రేవులో తేలి ఉన్నవి నాలుగే మెట్లు. తెల్లారేసరికి లంకలోకి ఎర్రనీరు వచ్చేసింది. మనుషులు బయటపడ్డారు. నూకరత్నం అనే ఆమె చూడిగేదె మాత్రం పాకలో కట్టుతాడు మీదే మునిగిపోయింది. ఆమెకి ఉన్నది అదొక్కటే. కూతురు పురిటికి వచ్చి ఉంది, గేదె ఈనితే ఇంట్లోకి పాలుంటాయని ఎదురుచూస్తున్నారట.

మర్నాడు ఆరింటికి టీచరుగారే మైకు ముందు కూర్చున్నారు. నిన్న చెప్పిన అంకె తప్పని, ఆ మాట మీదాకా పంపినదాన్ని నేను కాబట్టి తప్పు నాదని, చదివిన పిల్లవాణ్ణి ఏమీ అనొద్దని చెప్పారు. గొంతు ఎక్కడా వణకలేదు. నేను గాజు పలకకి ఇవతల నిలబడి విన్నాను. నా ప్రాణం కుదుటపడింది. నిజంగా అప్పుడు నాకు కలిగింది అదే.

నీరు తీశాక ఇద్దరం సత్తియ్య పడవలో లంకకి వెళ్ళాం. నూకరత్నం గారి పాకలో కట్టుకొయ్య ఒక్కటే మిగిలింది. టీచరుగారు రికార్డరు నా చేతికిచ్చి ఆమె ఎదురుగా మట్టిలోనే కూర్చున్నారు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "మెట్లు సరిగ్గా చెప్పుంటే కట్టు విప్పేద్దునండి. రేడియో చెప్పింది కదా అని పడుకున్నాను" అంది. ఇంకేమైనా చెప్పాలా అని టీచరుగారు అడిగితే తల అడ్డంగా ఊపింది. ఆ మాటలు ఒక్కటీ తీసెయ్యకుండా ఆ సాయంత్రం వేశారు.

తిరుగు పడవలో నేను సత్తియ్య వైపు చూడలేకపోయాను. తనకి ఫోను రాలేదని అతనికి తెలుసు. ఏ క్షణాన అనేస్తాడో అనుకుంటున్నాను. అతను గెడ వేస్తూ నీళ్ళకేసే చూస్తున్నాడు. ఏటి మధ్యకి వచ్చాక టీచరుగారు నావైపు తిరిగి, రికార్డింగుకి వచ్చినవాళ్ళని అడిగినట్టే అడిగారు.

"నీకేమైనా చెప్పాలా బాబూ?"

"లేదండి."

ఆవిడ ఆగారు. ముసలామె దగ్గర ఆగినంతసేపూ ఆగారు. నేను గట్టు మీది కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పడవ రేవుకి తగిలింది.

ఆ పని నా నుంచి తీసేస్తారనుకున్నాను. మర్నాడు అదే కాగితం, అదే పెన్ను నా ముందు పెట్టి, ఈవేళ కూడా నువ్వే చదువు అన్నారు. ఆ వరదలయ్యేదాకా రోజూ నేనే ఫోను చేశాను, నేనే చదివాను. విజయవాడ ఉద్యోగం వచ్చినప్పుడు ఆవిడ నాకు ఒక ఉత్తరం రాసిచ్చారు. నా గొంతు గురించి అందులో ఒక్క ముక్క లేదు. 'ఇతను కనుక్కోనిదే చదవడు' అని ఉంది. బస్సులో జొన్నాడ దాటేదాకా అది చదువుతూనే ఉన్నాను. ఆవిడకి ఏమీ తెలియదని అనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను.

పదేళ్ళలో నాలుగైదుసార్లు ఫోను చేసి ఉంటాను. ఒకసారి చెప్పాలనే కారెక్కాను. అప్పటికే పక్షవాతం వచ్చి ఆవిడకి మాట పోయింది. మంచం పక్కన గంటసేపు కూర్చుని ఛానల్ కబుర్లు చెప్పాను. ఆవిడ అడగలేరు. అడిగితే చెబుదామని నేను కూర్చున్నాను. లేచి వచ్చేశాను.

పోయినేడు ఆవిడ పోయారు. సమాధి తోటలో మట్టివేసి వస్తుంటే సత్తియ్య కలిశాడు. బాగా ముసలివాడైపోయాడు.

"ఆ గేదె పోయిన పొద్దున్న టీచరుగారు నాకు ఫోన్ చేసేరండి. నిన్న కుర్రాళ్ళెవరైనా అడిగేరా అని. లేదండి అన్నాను. ఎవరితో అనకు సత్తియ్యా, వాడే చెప్తాడు అన్నారు. ఆయ్. నేనెవరితో అన్లేదండి."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. అప్పగించిన పని చేశానన్నట్టుంది. నేను అలాగే అతని వెంట రేవుకి నడిచి లంకకి వెళ్ళాను. నూకరత్నం గారు అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతున్నారు. నేనెవరినో చెప్పుకున్నాను. ఆ రోజు ఒకసారి ఫోను చేశాననీ, కలవకపోతే తోచిన అంకె చదివాననీ చెప్పాను. ఈ కలవకపోవడం అనేది ఎన్నో ఏళ్ళ క్రితం నాకు నేను చెప్పుకోవడానికి కల్పించుకున్నది. అలవాటుగా అదే నోటికొచ్చింది.

ఆమె చెరగడం ఆపలేదు. "గేదెదేముందండి, మళ్ళీ కొనుక్కున్నాం. ఆ తల్లిని మా లంకంతా ఎన్ని మాటలన్నాం. ఆ తర్వాతోసారి నేను ఆవిడ మొహమ్మీదే అన్నాను, పెద్దచదువులు చదివి మెట్లు లెక్కెట్టలేకపోయేరా అని. తలొంచుకుని పడ్డారు. ఇప్పుడొచ్చి నాకు చెప్తే ఏం లాభమండి? తప్పు రేడియోలో చెప్పేరు. ఒప్పూ అందులోనే చెప్పండి."

మర్నాడు స్టేషనుకి వెళ్ళాను. అదే కొట్టు, కొత్త మైకు, మళ్ళీ వరదల రోజులు. ఇప్పుడక్కడ వేరే విద్యార్థులు నేర్చుకుంటున్నారు. ఆరింటి పని చూసే డిగ్రీ అమ్మాయికి విషయం చెబితే, మెట్లకి ముందు ఐదు నిమిషాలిస్తానంది. మూలనున్న సీసాలోంచి కరక్కాయ ముక్క తీసిచ్చింది. ఎవరు మొదలెట్టారో తనకి తెలియదట, ఇక్కడ అలవాటంది.

చెప్పాను. పేరు, ఊరు, ఆ సాయంత్రం, టీచరుగారు మోసిన మాట. ఫోను ఒకసారి చేశాను, కలవలేదు అని కూడా చెప్పాను. ఎన్నో వార్తలు చదివిన గొంతు, ఎక్కడా తడబడలేదు. ముగించి దండం పెట్టాను. ఆ అమ్మాయి మైకు కట్టెయ్యలేదు.

"ఇంకేమైనా చెప్పాలా అండీ?"

ఊరికే అడిగింది. అందరినీ అడిగినట్టే. అడిగి ఊరుకుంది. ఎర్రదీపం వెలుగుతోంది. ఏటికి ఆవల అరుగుల మీద మెట్ల కోసం చెవులొగ్గి కూర్చున్నవాళ్ళున్నారు.

"ఉందమ్మా," అన్నాను. "ఆ రోజు నేను ఫోను చెయ్యనేలేదు."

ఆ అమ్మాయి తలూపి, ఒక పాట పెట్టి, సత్తియ్యకి ఫోను చేసింది. అతను రేవుకి నడిచి, చూసి, మళ్ళీ చెప్పేదాకా ఇద్దరం కూర్చున్నాం. పదకొండు మెట్లు.