పట్టుపురుగుల గదిలో సర్వరు

టీవీ తీగలోనే ఇంటర్నెట్టు కూడా వస్తుందంటే కర్ణాటకలోని చింతామణి ఊళ్ళో సగం మంది నమ్మని కాలమది. నమ్మిన మిగతా సగం మందికి నేను దేవుడితో సమానం. (అతిశయోక్తి ఉంటే కాస్త ఉండవచ్చు. నా కథల్లో మామూలుగా ఉండే మోతాదు కన్నా తక్కువే.) చిక్కబళ్ళాపురంలో డిప్లొమా ముగించి, బెంగళూరులో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, దాన్ని మూడేళ్ళ అనుభవంగా చెప్పుకొని, ఊళ్ళో మొట్టమొదట డిష్షు పెట్టినందుకు డిష్షప్ప అని పేరు పడ్డ కేబుల్ ఆయన దగ్గర ఉద్యోగంలో చేరాను. ఆరు నెలలు పరీక్షగా పెట్టుకొని, ఆ తర్వాత ఖాయం చేస్తానన్నాడు. ఖాయం కాకపోతే పేరేసంద్రలో మా నాయన పురుగుమందుల అంగడి నా కోసం తలుపులు తెరుచుకొని కూర్చుని ఉంది. ఆ అంగడి వాసన తలచుకుంటే నాకు ఉద్యోగం మీద భక్తి రెట్టింపయ్యేది.

డిష్షప్ప ఇంటి మేడ మీద కంట్రోలు రూము. అందులో నా చేతి మీదుగా నడిచే ఒక పాత కంప్యూటరు. దాని పేరు డీహెచ్‌సీపీ సర్వరు, దాని పని చాలా చిన్నది. ఊళ్ళో ఎక్కడ కంప్యూటరు వేసినా, అది లేచీ లేవగానే "నా నంబరేంది?" అని తీగలోకి ఒక కేక వేస్తుంది. మా సర్వరు ఖాళీగా ఉన్న నంబరొకటి చూసి, ఇంతసేపు వాడుకో అని గడువు పెట్టి ఇస్తుంది. ఎవరికి ఏది ఇచ్చిందీ డిస్కు మీద ఉన్న ఒక ఫైలులో రాసుకుంటుంది. గడువు దాటేలోపు కంప్యూటరు మళ్ళీ అడిగి పొడిగించుకోవాలి. నంబరు లేనిదే ఇంటర్నెట్టు లేదు. అంతే సంగతి.

నేను చేరిన వారంలోనే, నంబర్లు ఎన్ని పెట్టమంటారని డిష్షప్పను అడిగాను. ఆయనది తరాలుగా వ్యాపారం చేసిన కుటుంబం, పెట్టుబోతలకు పేరున్న ఇల్లు.

"ఎన్నంటావేందప్పా. ఎవురొచ్చి అడిగినా లేదనే మాట మన కాడ వినపడగూడదు. మా అక్క పెండ్లిలో మూడూర్లోళ్ళు తిని లేసినాక గూడా రెండు గంగాళాలు అన్నం మిగిలిండాది. ఇంకా దాన్ని చెప్పుకుంటాండారు."

"మరి మూడు వందల కనెక్షన్లే కదప్పా ఉండేది."

"ఈ పొద్దు మూడు నూర్లు. రేపు చిక్కబళ్ళాపురం, ఎల్లుండి బాగేపల్లి. అప్పుడు నువ్వు చేతులు నలుపుకుంటా నిలబడితే నా మానమేం గావాల?"

నాకు ఆ ధోరణి బాగా నచ్చింది. కాగితం తీసుకొని లెక్క వేశాను. మూడు తాలూకాల్లో ఉన్న ఇళ్ళు, వాటికి రాబోయే కంప్యూటర్లు, గుడిబండె కొండ కింద కట్టబోయే ఇళ్ళు, పుట్టబోయే పిల్లలు పెద్దయ్యాక కొనబోయే కంప్యూటర్లు, తొండేభావి పల్లెలో మనిషికొకటి. మొత్తం కలిపి పది లక్షల నంబర్లు పెట్టాను. మూడు వందల కంప్యూటర్లకు పది లక్షల నంబర్లు. పైగా ఏ నంబరూ వృథాగా ఒకరి దగ్గరే పడి ఉండకూడదని గడువు రెండే రెండు నిమిషాలు పెట్టాను. పది లక్షల విస్తళ్ళు పరిచి, వచ్చిన మూడు వందల మంది నోట్లో ముద్ద పెట్టుకునేలోపే విస్తరి లాగేసే మహాదాత ఎవరైనా ఉన్నారంటే అది నేనే. ఈ ఘనకార్యాన్ని చుట్టుపక్కల కేబుల్ వాళ్ళందరికీ ఫోను చేసి మరీ చెప్పుకున్నాను.

నెల తిరగకముందే సర్వరు మూలగడం మొదలుపెట్టింది. మామూలుగా నడిచేటప్పుడు ఈడ్చుకుంటూ నడిచేది. కరెంటు పోయి వచ్చిందంటే మాత్రం పని అయిపోయేది. మా వైపు రోజుకు రెండు పూటలా కరెంటు తీసేవాళ్ళు. తిరిగి వచ్చిన క్షణాన ఊళ్ళోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా లేచి నంబరు, నంబరు అని అరిచేవి. ఇన్వర్టరు మీద బతికి ఉన్న మా సర్వరు ఆ కేకలకు బిగుసుకుపోయి, డిస్కును కరకరమని గొరుక్కుంటూ కూర్చునేది. ఆపి మళ్ళీ వేస్తే లేవడానికి పావుగంట. ఈలోపు ఫోను మోగుతూనే ఉండేది.

ఒకరోజు బస్టాండు దగ్గరి సైబర్ సెంటరాయన, మిగతా పదముగ్గురు సెంటర్లవాళ్ళ తరఫున వచ్చి నిలబడ్డాడు. పీయూసీ, అంటే అక్కడి ఇంటరు, రిజల్టుకు ఇంక పది రోజులుంది. ఆ రోజు తాలూకా మొత్తం పిల్లలూ తల్లిదండ్రులూ సెంటర్ల ముందు వరుస కడతారు.

"ఆ పొద్దు గినా నెట్టు పండుకొంటే మేం పద్నాలుగు మందిమీ ఊర్లోకి కొత్తగా వచ్చిన ఇంకో కేబులాయన లైను తీసుకుంటాము. ముందే చెప్పినాము, మళ్ళా మా మీద బాధ పెట్టుకోవద్దు," అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

డిష్షప్ప కోప్పడలేదు. దానికే నాకు భయం వేసింది. "ఆయప్పలు పోతే నా దుకాణం మూతబడ్తాది. నువ్వు పేరేసంద్రకు పోవచ్చు, నేను యాడికి పోయేది? దీని జబ్బేందో చెప్పు," అన్నాడు నింపాదిగా.

జబ్బేమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడం అప్పటికి నేను నేర్చుకోలేదు. చేయి పెట్టి చూస్తే పెట్టె వెచ్చగా ఉంది. "వేడప్పా. మేడ మీద రేకుల కింద ఉండాది కదా. బెంగళూరులో ఇట్లాంటివాటిని మంచుగదుల్లో పెడతారు. ఎండకు దీని బుర్ర పని చేయడం లేదు," అన్నాను. నాలుగు రోజులు గడువు దొరుకుతుందనుకున్నాను. అంత మాట అన్నందుకు నాలుగు గంటలు కూడా దొరకలేదు. పెరట్లో డిష్షప్ప భార్య పట్టుపురుగులు పెంచే ఇల్లుంది. మందమైన గోడలు, కిటికీలకూ తలుపులకూ తడి గోనెపట్టలు, ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉంటుంది. ఆ సాయంత్రానికే సర్వరు అక్కడికి దిగిపోయింది. మేడ మీద నుంచి నెట్టు తీగా, ఇన్వర్టరు తీగా జారవిడిచి దానికి తగిలించాను.

ఆ గదికి అధిపతి అయిన ఆ ఇల్లాలిని ఊళ్ళో అందరూ రేష్మెమ్మ అనేవాళ్ళు (కన్నడంలో రేష్మె అంటే పట్టు). మా ఓనరు ఇంటికి ఓనరయితే ఆమె ఆ గదికి ఓనరు. గడప ముందే చెప్పులు విడవాలి, మందు నీళ్ళలో కాళ్ళు ముంచాలి, చేతులు కడగాలి. తలకు వాసన నూనె రాసుకొని వస్తే లోపలికి రానివ్వదు. బీడీ తాగినవాడి నీడ కూడా పడకూడదు. ఘాటు తగిలితే పురుగులు ఆకు ముట్టవు. నేను ఆ రోజు సెంటు పూసుకొని వెళ్ళాను.

"బయట నిలబడప్పా. పెండ్లికి పోతాండావా, పెట్టె చూసేదానికొచ్చినావా?"

"సర్వరు చూడాలమ్మా."

"నీ సర్వరు సచ్చినా మళ్ళా కొంటాడు మా ఆయప్ప. నా పురుగులు సస్తే పంట పోతాది. పోయి నీళ్ళు పోసుకోని రా."

స్నానం చేసి వచ్చాను. ఆ పది రోజుల్లో నేను చేసినన్ని స్నానాలు అంతకు ముందు ఏడాది మొత్తంలో చేసి ఉండను. లోపల అరల మీద అరలుగా వెదురు తట్టలు, వాటిలో వేలాది పురుగులు ఆకు తినే చప్పుడు, బయట చినుకు పడుతున్నట్టు. మధ్యలో నా సర్వరు గొరుకుడు. చల్లగదిలో పెట్టిన సంబరం ఒక్క పూటే. మరునాడు మధ్యాహ్నం కరెంటు వచ్చేసరికి మళ్ళీ బిగుసుకుంది. ఆపి వేశాను. అది లేచేదాకా పావుగంట నేను ఊరికే నిలబడి ఉండడం రేష్మెమ్మ చూడలేకపోయింది.

"చేతులు ఖాళీగానే ఉండాయి కదా, ఆకు వెయ్యి. మూడో జ్వరం లేసినాయి, ఇప్పుడు తిన్నంత తింటాయి," అంది. (పురుగు పొర విడిచే ముందు ఆకు ముట్టక పడుకోవడాన్ని అక్కడ జ్వరమంటారు. మొదట విని నేను డాక్టరు పేరు చెప్పబోయాను.)

అలా రోజుకు రెండు పూటలా సర్వరు కునికినప్పుడల్లా నేను మల్బరీ ఆకు వేయడం అలవాటైంది. రిజల్టు మూడు రోజులుందనగా, ఆమె తోటలో ఉండగా, మెప్పు పొందుదామని గంపెడు ఆకు తీసి అన్ని అరల్లోనూ, కింది నుంచి పై దాకా ఒక్క తట్ట వదలకుండా పరిచాను. ఆమె వచ్చి చూసింది.

"పై అరల్లో పురుగు యాడుండాదప్పా?"

"లేదమ్మా. మీరు రేపు పురుగును పై తట్టల్లోకి గూడా విడదీస్తామంటిరి కదా. వస్తాయని ముందే వేసి పెట్టినాను."

"వచ్చినప్పుడు వేస్తాము. లేని పురుగుకు ఆకేస్తే అది తింటాదా? ఆకు వాడిపోతాది, తట్ట చీడ పడతాది, మళ్ళా అదంతా ఎత్తి పోసేదానికి నాకు ఒక పూట పడతాది. ఉండే పురుగును చూసుకునేదానికి టైమే ఉండదు నాకు. ఎంత ఉండాయో చూసి, ఇంకొంచెం ఎక్కువ వేస్తే చాలదా?"

ఆ మాటతో నా తలలో దీపం వెలిగిందని రాయాలని ఉంది. వెలగలేదు. ఆమె తిట్టిందని మొహం మాడ్చుకొని పై తట్టల్లోని ఆకంతా ఎత్తాను. ఎత్తీ ఎత్తీ నడుం పట్టేసి, అవతల పావుగంటయినా లేవని సర్వరు వైపు చూస్తూ, ఇది మాత్రం ఇంతసేపూ లోపల ఏం పరుస్తోంది అనుకున్నాను. అప్పుడు తెలిసింది. అది పది లక్షల నంబర్లకూ ఒక్కొక్కదానికి మెమరీలో చోటు కేటాయిస్తోంది. అడిగేవాడు ఉన్నా లేకున్నా, ప్రతి నంబరుకూ ఒక పీట వేసి నీళ్ళ చెంబు పెడుతోంది. దానికున్న మెమరీ నూట ఇరవై ఎనిమిది ఎంబీ. అది చాలక, మిగతాది డిస్కు మీద పెట్టుకొని, ఒకటి తీసి ఒకటి పెట్టి నలిగిపోతోంది. వేడీ లేదు, జబ్బూ లేదు. ఉన్న జబ్బల్లా నేనే.

చేతులు కడుక్కొని కూర్చుని నంబర్లు ఐదు వందలకు దించాను. ఈసారి సర్వరు నేను ఊపిరి వదిలేలోపు లేచింది. మెమరీలో ముప్పాతిక వంతు ఖాళీ. అయినా డిస్కు చప్పుడు పూర్తిగా తగ్గలేదు. మరునాడు ఆ ఫైలు తెరిచి చూస్తే, మూడు వందల కంప్యూటర్లూ నిమిషానికోసారి వచ్చి గడువు పొడిగించుకోవడం, ప్రతిసారీ ఇది దాన్ని డిస్కు మీద రాసుకోవడం కనబడింది. నా రెండు నిమిషాల పిసినారితనం అది. గడువు ఒక రోజుకు పెంచాను. గొరుకుడు ఆగిపోయింది. గదిలో పురుగులు తినే చప్పుడు ఒక్కటే మిగిలింది.

రిజల్టు రోజు సరిగ్గా రిజల్టు వచ్చే వేళకు కరెంటు పోయింది. రెండు గంటల పాటు ఊరంతా సైబర్ సెంటర్ల ముందు ఎండలో నిలబడింది. డిష్షప్ప పురుగుల గది గడప దాకా వచ్చి, చెప్పులు విప్పడానికి ఓపిక లేక అక్కడే నిలబడ్డాడు. కరెంటు వచ్చింది. తెర మీద నంబర్ల వరుస ఒక్క ఊపున కిందికి పరుగెత్తి, ఆగింది. ఫోను మోగలేదు. ఐదు నిమిషాలకు మోగింది. బస్టాండు సైబరాయన.

"నెట్టు బ్రహ్మాండంగా ఉండాది. మా తమ్ముని కొడుకు మాత్రం లెక్కల్లో పోయినాడు."

నేను గడప దాటి బయటికి రాగానే డిష్షప్ప నా భుజం మీద చెయ్యి వేసి, ఉద్యోగం ఖాయమన్నాడు. "చల్లదనమప్పా, చల్లదనం. నువ్వు ముందే చెప్తివి," అన్నాడు. ఆ సాయంత్రానికే ఆయన కేబుల్ వాళ్ళందరికీ ఫోన్లు చేసి ఆ చల్లదనం వైద్యం చెప్పేశాడు. నాలుగు రోజులకు, బాగేపల్లిలోని కేబుల్ దోస్తు సర్వరు కూడా మూలుగుతోందని, నన్ను ఆరు గోనెపట్టలిచ్చి బస్సెక్కమన్నాడు.

ఆ గోనెలు చంకలో పెట్టుకొని వెళ్ళడానికి నా ప్రాణం ఒప్పలేదు. ఉద్యోగం పోతే పోయిందని నిజం చెప్పేద్దామని, ముందు ధైర్యం కోసం రేష్మెమ్మ దగ్గరికి వెళ్ళాను. పది లక్షల సంగతీ, వేడి అబద్ధమూ అంతా చెప్పాను. ఆమె ఆకు వేయడం ఆపలేదు.

"నాకు తెలుసప్పా. రిజల్టు పొద్దు కరెంటు లేక బోరు నడవలా. గోనెలు తడిపిందే లేదు. గది పొయ్యి మాదిరి ఉండె, నా పురుగులకేమౌతాదో అని నేను ఏడస్తా ఉంటే, నీ పెట్టె హాయిగా కూసోనుండె."

"మరి అప్పకు చెప్పలేదేమమ్మా?"

"రెండు పూటలా ఉచితంగా ఆకేసే మనిషిని ఎవురన్నా పోగొట్టుకుంటారా? నువ్వూ చెప్పొద్దు. ఆయప్ప జన్మలో మొదటిసారి ఒక మిషను సంగతి తనకు అర్థమైందని సంతోషంగా ఉండాడు. బాగేపల్లి పెట్టెను సరిగ్గా బాగుచెయ్యి. గోనెలు గూడా కట్టు. సాయంత్రం ఆకు టైముకు వచ్చెయ్."

బాగేపల్లి వెళ్ళి ఆ సర్వరు తెరిచి చూద్దును కదా, అందులో నంబర్లు ఇరవై లక్షలు. నేను ఫోనులో గొప్పగా చెప్పింది విని ఆయన నన్ను మించిపోయాడు. మూడు వందలకు దించి, గడువు పెంచి, ఆరు గోనెలూ శ్రద్ధగా కట్టి, రోజూ తడపమని చెప్పి వచ్చాను. ఆ తర్వాత రెండు పంటల పాటు మల్బరీ ఆకు వేశాను. డిష్షప్పకు నిజం ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు నా చేతి కింద ఉన్న సర్వర్లు ఇళ్ళంత పెద్దవి. ఎవరైనా వచ్చి నంబర్లు కావాలంటే, ఎంతమంది ఉన్నారని అడిగి, దానికి ఇంకొంచెం కలిపి ఇస్తాను. అందుకు నన్ను అందరూ మెచ్చుకుంటారు. కానీ అప్పుడప్పుడు ఆ లెక్క వేస్తూ ఉండగా, రేకుల కింద చెమటలు కక్కుతూ కూర్చుని, తొండేభావిలో ఇంకా పుట్టని పిల్లలకు కూడా నంబరు తీసి పెట్టిన ఆ కుర్రవాడు గుర్తుకొస్తాడు. వాడికి ఏమీ తెలియదు. అయినా వాడంత ధారాళంగా నేను ఆ తర్వాత ఎవరికీ ఏదీ పెట్టలేదు.