సగం గడ్డంతో ఆసుపత్రికి

సెలూన్ బంకన్న అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. కుర్చీలో కూర్చున్నవాణ్ణి కబుర్లతో అతుక్కుని వదలడు గనుక బంకన్న. జుట్టు కత్తిరించుకున్నవాళ్లు సైతం మళ్లీ పెరిగేదాకా అక్కడి బెంచీ మీదే ఉండిపోయేవారు. చిగుళ్లు వాచి నెత్తురు కారుతున్నా పళ్ల డాక్టరంటే మాత్రం ఆయనకు హడల్. "నోరు తెరిచి పెట్టుకుని మాట్లాడొద్దంటాడే, నావల్లకాదు" అనేవాడు భార్యతో.

ఓ ఉదయం లారీ డ్రైవరుకి గడ్డం గీస్తూ, పక్కింటి కుక్క సంగతి చెబుతున్నవాడల్లా ఉన్నట్టుండి నోరు మూశాడు. డ్రైవరు బెదిరిపోయాడు. గొంతు మీద కత్తి ఉన్నందుకు కాదు, బంకన్న మాట ఆగడం ఎన్నడూ ఎరగడు గనుక.

"ఏంటన్నా, ఏమైంది?"

"గుండె మీద ఎవడో కూర్చున్నట్టుందిరా... కాస్త లెమ్మను."

డ్రైవరు మొహాన సబ్బు నురగతోనే ఆయన్ని లారీ ఎక్కించి ఆసుపత్రికి పట్టుకెళ్లాడు. నర్సు ఆ నురగ చూసి, ముందు డ్రైవర్నే స్ట్రెచర్ మీద పడుకోబెట్టబోయింది.

ఎలాగో అసలు రోగి ఎవరో తేలి, స్టెంట్ వేశారు. మర్నాడు డాక్టరమ్మ రాగానే బంకన్న దెబ్బలాటకి దిగాడు.

"నూనె వస్తువు ముట్టి ఏళ్లయింది. నాకు కొవ్వెక్కడిదమ్మా?"

"కొవ్వొక్కటే కాదు పెద్దాయనా. మీ సిగరెట్ల దెబ్బకి రక్తనాళం లోపలి గోడ వాచింది. నున్నగా ఉండాల్సిన గోడ జిగురు తేలింది. తమ దారిన పోయే తెల్లకణాలు దానికి తగులుకుని, దొర్లి, అతుక్కుపోయాయి. గోడలోకి దూరి, అక్కడ చేరిన కొవ్వు మింగి, ఉబ్బి, కదలకుండా కూర్చున్నాయి. నిన్న ఆ ఉబ్బు చిట్లి, రక్తం గడ్డకట్టి దారి మూసుకుంది."

పక్కనున్న భార్య నవ్వాపుకోలేకపోయింది. "అచ్చం మన బెంచీయేనండీ!"

"వాళ్లని లేపే మందుందా అమ్మా?" అన్నాడు బంకన్న దిగులుగా.

"కొత్తవాళ్లు చేరకుండా చూద్దాం. సిగరెట్ మానండి, మాత్రలు మానకండి. చిగుళ్లు కూడా చూపించుకోండి. వాటివల్లే వచ్చిందనను గానీ, ఒంట్లో ఏ మూల వాపైనా గుండెకి మంచి చుట్టం కాదు."

అంతలో డ్రైవరు వచ్చాడు, ఒక చెంప నున్నగా, ఒక చెంప మాసి. "రెండోవైపు ఇంకొకడి చేత గీయిస్తే నువ్వు నొచ్చుకుంటావని..." అని నసిగాడు. బంకన్న కళ్లు చెమర్చాయి. కత్తి తెమ్మన్నాడు. నర్సు ఇద్దర్నీ కేకలేసింది.

ఇంటికొచ్చాక బంకన్న సిగరెట్ మానేశాడు, పళ్ల డాక్టరు కుర్చీ కూడా ఎక్కాడు. ఆ డాక్టరు నోట్లో దూది కుక్కి, "పిల్లలెంతమంది? ఏం చేస్తుంటారు?" అని అడుగుతుంటే, జవాబు చెప్పలేక బంకన్న పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు.

ఇప్పుడు పొద్దున్నే భార్యతో కలిసి నడకకి వెళుతున్నాడు. పాలవాడి దగ్గర ఆగుతాడు, పేపరువాడి దగ్గర ఆగుతాడు. ఆయన వీధి చివరికి చేరేలోపు ఆవిడ పార్కు చుట్టూ తిరిగి వచ్చేస్తుంది. మొన్న పరీక్ష చేయిస్తే, ఆవిడ గుండె గుర్రంలా ఉందన్నారు.