దొరసానమ్మకు బొట్టు పెట్టిన చెయ్యి

మొన్న ఆదివారం పొద్దున మేముంటున్న రైసూత్‌లో మా ఆయన డ్యూటీకి బయల్దేరుతుండగా మస్కట్ అల్ మవాలే నుంచి మా పెద్దత్త పనిచేసే ఇంటి మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ ముందు ఎండల గురించి కాసేపు మాట్లాడితే గానీ అసలు సంగతికి రాదు. ఆ రోజు నేరుగా చెప్పేసింది. మా పెద్దత్త నిద్రలోనే పోయింది. టీ పెట్టే వేళ దాటినా వంటింట్లో చప్పుడు లేకపోతే వెళ్ళి చూసిందట. "సరే మేడమ్" అన్నాను, అచ్చం పెద్దత్త అన్నట్టే. ఫోన్ పెట్టేశాక ఏడుపు ఆగలేదు.

పెద్దత్త అంటే మా నాన్నకు అక్క. మాది నరసాపురం అవతల సముద్రం పక్క ఊరు. చిన్న వయసులోనే మొగుడు పోతే మస్కట్ వచ్చి, ఆ ఇంట్లో ఈ ఇంట్లో పనిచేసి, చివరికి ఈ మేడమ్ దగ్గర కుదురుకుంది. మేడమ్ ఇంగ్లండు మనిషి, ఒకప్పుడు ఇక్కడ బళ్ళో టీచరు. పెద్దత్త గురించి అచ్చులో చెప్పుకునేంత ఘనకార్యాలేవీ లేవు. అయినా రాస్తున్నాను. నా పెళ్ళి ఆవిడ చేతి మీదుగా జరిగింది. ఆ మాట ఎంత నిజమో మీకే తెలుస్తుంది.

మా వైపు ఆడవాళ్ళకు లేసు అల్లిక అన్నంతో పాటు వచ్చే విద్య. పెద్దత్త లేసు సూదిని కొప్పులో గుచ్చుకునే తిరిగేది. కొట్లో బిల్లు కోసం లైన్లో నిలబడ్డా సూది చేతికొచ్చేది. హిందీ, అరబ్బీ, గోదావరి యాస కలిపి మాట్లాడేది. కూరగాయలాయన ముదురు బెండకాయలు ఇస్తే "ఖలాస్, ఇంక నీ కొట్టు గుమ్మం తొక్కను" అని వచ్చేసేది. మర్నాడు మళ్ళీ అక్కడే. మేడమ్ ఇంటి గచ్చు మీద రోజూ ముగ్గు వేసేది. ఎందుకంటే "ఇల్లు ఎవరిదైనా ముగ్గు మనదే వేసుకోవాలే" అనేది. ఇంకో మాట కూడా తరచూ అనేది: "దాచిన కూరా, దాచిన మాటా పులవక మానవు." ఈ రెండోదే నా పెళ్ళి మీదికి తెచ్చింది.

ముందు మా దొరసానమ్మ సంగతి చెప్పాలి. మా కొబ్బరితోటలో ఒక తెల్ల సమాధి ఉంది. ఇంగ్లీషువాళ్ళు మా తీరంలో బట్టల వ్యాపారం మొదలుపెట్టిన తొలిరోజుల్లో ఓడెక్కి వచ్చి, ఇక్కడే ఉండిపోయి, ఇక్కడే పోయిన ఒకావిడది. ఉప్పెన వచ్చినప్పుడు మా వంశంలో ఒక తల్లినీ పిల్లల్నీ తన మేడ మీదికి ఎక్కించుకుని బతికించిందని చెప్తారు. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా ఆవిడ మా ఇంటి పేరంటాలు. అందరూ పేరంటాళ్ళకు చీర పెడితే మేం లేసు కుట్టిన తెల్ల గౌను పెడతాం. ఇంట్లో పెళ్ళి అనుకోగానే సమాధికి సున్నం కొడతారు. పెళ్ళి ముందురోజు గౌనును బుట్టలో పెట్టి, దానికి పసుపు రాసి కుంకుమ పెడతారు. గౌనుకు బొట్టు పెట్టిన చెయ్యే వెంటనే పెళ్ళికూతురికీ బొట్టు పెట్టాలి. అందుకని ఆ పని ముత్తైదువే చెయ్యాలి.

నాకు తెలిసినంతలో ఆ గౌన్లన్నీ కుట్టింది పెద్దత్తే. ఊరెళ్ళేవాళ్ళ పెట్టెల్లో మస్కట్ నుంచి పంపేది. తను ఊళ్ళో ఉంటే గౌను చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేది. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

నా పెళ్ళి మస్కట్‌లోనే చేద్దామనుకున్నారు. అబ్బాయి వాళ్ళకు మస్కట్ అవతల అల్ సువైక్‌లో కిరాణా కొట్టు, ఇంటిల్లిపాదీ ఇక్కడే. నేనూ అప్పటికే మస్కట్‌లో పనిచేస్తున్నాను. ముహూర్తానికి ఇంకా నెలలున్నప్పుడే పెద్దత్త నా గౌను మొదలుపెట్టింది. మేడమ్ చూసి ఎవరికని అడిగింది. సంగతి విన్నాక ఇక ఆవిణ్ణి పట్టలేకపోయాం. పాత కుటుంబాల ఆనవాళ్ళు వెతకడం మేడమ్‌కు పిచ్చి. ఆ ఇంగ్లీషావిడ ఎవరో కనుక్కుందామంది.

"ఎవరైతే ఏం గానీ మేడమ్, ఆవిడ పుట్టిల్లెక్కడో చెప్పండి చాలు" అంది పెద్దత్త. తర్వాత నాతో అంది: "ఇన్ని తరాలుగా మన గౌనే కట్టుకుంది. పుట్టింటోళ్ళెవరో తెలిస్తే వాళ్ళ పేరు చెప్పి ఒక్కసారి పెడదామనే. ఏ ఆడదానికైనా ఆ ఆశ ఉండదేంటి?"

సమాధి రాయి మీద ఏం రాసుందో కావాలంది మేడమ్. మాకెవరికీ తెలియదు. పెళ్ళి పెళ్ళికీ భక్తిగా సున్నం కొట్టీ కొట్టీ ఆ అక్షరాలను మేమే పూడ్చేశాం. ఆవిణ్ణి మర్చిపోకూడదని చేసిన పనే ఆవిడ పేరు మింగేసింది. సున్నం తియ్యాలంటే ఊళ్ళో ఉన్న నాన్న జంకాడు. పెద్దత్త ఫోన్లో కేకలేసింది.

"ఒరే, ఆవిడ మీదున్న బరువే కదరా తీసేది. తడిగోనె కప్పి నాననిచ్చి కొబ్బరిపీచుతో రుద్దు. ఇనప ముక్క తగలనిచ్చావంటే ఊరుకోను."

ఫొటో వచ్చిన శుక్రవారం నేనూ మేడమ్ ఇంట్లోనే ఉన్నాను. మేడమ్ దాన్ని పెద్దది చేసి, చదివి, మాకు అర్థం చెప్పింది. రాయి మీద ఆవిడ పేరుంది. మేం పేరంటాళ్ళను పేరుతో పిలవం కనుక ఇక్కడ రాయను. పేరు కింద, ఫలానా వర్తకుడి వితంతువు అని ఉంది. ఆయన పోయాక చాలా ఏళ్ళు ఒంటరిగా ఇక్కడే బతికిందని ఉంది.

ఆ పేరు పట్టుకుని మేడమ్ తర్వాతి వారాల్లో పుట్టిల్లు కూడా కనిపెట్టింది. ఇంగ్లండులో ఒక చిన్న రేవు ఊరు, తండ్రి ఓడలకు తాళ్ళు పేనేవాడు. "మనలాగా చేతిపనోళ్ళేనన్నమాట" అని పెద్దత్త మురిసిపోయింది. కానీ ఆ శుక్రవారం మా చెవిన పడింది వితంతువు అన్న ఒక్కటే ముక్క. కుంకుమతో పోయిన ఇల్లాలే పేరంటాలవుతుందని మావాళ్ళ నమ్మకం. మేం తరతరాలుగా ఒక విధవరాలికి బొట్టు పెట్టి, అదే చేత్తో మా ఆడపిల్లలకు పెట్టుకుంటున్నాం.

పెద్దత్త ఒళ్ళో ఉన్న గౌను మడత సరిచేసింది. "అయితే నాలాంటిదే" అంది.

అమ్మ మాత్రం ఫోన్లో వణికిపోయింది. వియ్యాలవారి చెవిన పడకూడదు, ఎవరూ నోరు విప్పొద్దు అంది. పెద్దత్త ఆ సాయంత్రమే అల్ సువైక్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాకు కాబోయే అత్తగారు అంతా విని, తాపీగా అంది:

"రాళ్ళ మీద రాతలు నాకు తెలీవండి. మొగుడు పోయినావిడకి పెట్టిన కుంకం నా కోడలి మొహాన తగలడానికి వీల్లేదు. ఆ బుట్ట మానేస్తేనే పెళ్ళి."

నేను పెద్దత్త మీద విరుచుకుపడ్డాను. "నిన్నెవరు వెతకమన్నారు? నా పెళ్ళయ్యాక వెతుక్కోకూడదూ?"

"అప్పుడు తెలిస్తే నిన్ను జీవితాంతం ఎత్తిపొడుద్దే మీ అత్త" అంది. కోపంలో కూడా అది నిజమేననిపించింది. అందుకే ఇంకా మండింది.

నాన్నా అమ్మా పెళ్ళికి మస్కట్ వచ్చారు. బుట్ట మానేద్దామని నాన్న ఒప్పేసుకున్నాడు. పెద్దత్త వాదించలేదు. "మానెయ్యండి. కానీ చాటుగా వద్దు. బుట్ట సర్ది పెడతాను. అల్ సువైక్ వదినగారు వచ్చి, దొరసానమ్మ మొహం మీదే వద్దని చెప్పమనండి. అప్పుడు తీసేద్దాం" అంది.

పెళ్ళి ముందురోజు పొద్దున మేడమ్ హాల్లో పీట వేశారు. నేను పసుపు చీరలో కూర్చున్నాను. ఎదురుగా బుట్టలో గౌను. అత్తగారూ మామగారూ సోఫాలో. మేడమ్ గోడ పక్కన నిలబడింది, ఆవిడ మొహం పాలిపోయి ఉంది. కుంకుమభరిణె అమ్మ చేతిలో ఉంది. అమ్మ దాన్ని తెరవనూ లేదు, కింద పెట్టనూ లేదు. ఈ పెళ్ళి ఇంక జరగదనే అనుకున్నాను.

"చెప్పండి వదినగారూ" అంది పెద్దత్త. వంటింటి గుమ్మంలోంచి.

అత్తగారు బుట్టకేసి చూసింది. చూపు పక్కకు తిప్పుకుంది.

"పోనీ నేనొక మాట అడుగుతానండి" అంది పెద్దత్త. "మా మేనత్త పెళ్ళికీ, ఆవిడ మేనత్త పెళ్ళికీ ఈవిడకే బొట్టు పెట్టారు. వాళ్ళంతా ముత్తైదువులుగానే పోయారండి. నేనొక్కదాన్నే ఇలా మిగిలాను. దోషం ఈవిడదైతే అందరికీ తగలాలి కదండీ. మరి ఎవరిదంటారు? నాదా?"

పెద్దత్త గుమ్మం దాటి హాల్లోకి వచ్చింది. మా ఇంటి పెళ్ళి తంతులో ఆవిణ్ణి గుమ్మం ఇవతల చూడటం నాకదే మొదటిసారి. అమ్మ చేతిలోంచి భరిణె తీసుకుంది. నాన్న "అక్కా" అన్నాడు. తాళ్ళు పేనేవారి ఊరి పేరు నోరు తిరక్కపోయినా కూడబలుక్కుని చెప్పింది, "మీ పుట్టింటోళ్ళు పెడుతున్నారనుకో తల్లీ" అంటూ గౌను మెడ దగ్గర బొట్టు పెట్టింది.

ఇక మిగిలింది నేను. పెద్దత్త చెయ్యి నా ముందు దాకా వచ్చి ఆగిపోయింది. అంత గట్టి మనిషి, అక్కడ ధైర్యం చాల్లేదు. నేను మొహం ఎత్తాను. నాకూ భయంగానే ఉంది, అబద్ధం ఎందుకు. అయినా ఎత్తాను.

అత్తగారు సోఫాలోంచి లేచింది. వెళ్ళిపోతోందనుకున్నాం. మామగారు కూడా చెప్పుల కోసం చూశాడు. ఆవిడ వచ్చి నా వెనక నిలబడింది. నా నుదుటి మీద పడ్డ ముంగురుల్ని అరచేత్తో వెనక్కి తీసి పట్టుకుంది.

"మా అమ్మ నా పెళ్ళి వంటింట్లోంచే చూసిందండి" అంది మెల్లగా. "పెట్టండి."

పెద్దత్త పెట్టింది. బొట్టు కాస్త పక్కకు పడింది. సరిచెయ్యబోతే అత్తగారు "ఉండనివ్వండి, బానే ఉంది" అని ఆపింది. అందరూ ఒక్కసారి మాటల్లో పడ్డారు, మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, అమ్మ హారతి కోసం పరుగెత్తింది. పెద్దత్త మాత్రం కుంకుమంటిన తన వేలికేసి చూసుకుంటూ హాలు మధ్యలో అలాగే నిలబడిపోయింది, కొంగుకు తుడుచుకోకుండా.