మళ్ళీ కట్టే తాడు

తెల్లవారుజామున గాలి తిరిగితే, గల్ఫ్‌లోని ఈ ఫుజైరా రేవు నుంచి తడిసిన నైలాను తాళ్ళ వాసన నా గదిదాకా వస్తుంది. వెంటనే అప్పన్న మేస్త్రి గుర్తొస్తారు. భీమిలి వైపు మనిషి. ఓడలకు ఇంధనం చేరవేసే మా లాంచీల దగ్గర తాళ్ళ జట్టు ఆయనది. నేను స్టోరులో సామాను అందించేవాణ్ణి. ఎలాగైనా ఆ జట్టులో చేరాలని నా ఆశ. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. డ్యూటీ మారగానే, ముందువాళ్ళు గుంజకు కట్టిన తాళ్ళను ఒక్కొక్కటిగా విప్పి మళ్ళీ కట్టాలి. ముడి ఎంత బాగున్నా సరే. నేర్చుకుందామని నేను కట్టిన ముళ్ళనూ అలాగే విప్పేసేవారు. మనసు చివుక్కుమనేది.

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది, ఒక సెలవు రోజున మెస్సులో టీవీ చూస్తున్నాం. గుర్రం మీది కౌబాయ్ తాడు విసిరి ఆవును పట్టాడు.

“లైబ్రరీ బాబూ, ఆ తాడుకి పేరేటి?” అన్నారు మేస్త్రి. సెలవు దొరికితే ఊళ్ళోని లైబ్రరీకి పోతానని నన్నలా పిలిచేవారు.

“లాసో అంటారు మేస్త్రీ. లారియట్ అని కూడా.”

“అంటే అర్థమేటి?”

నాకు తెలియదు.

“పుస్తకాలన్నీ నమిలీసినావు, తాడు కాడ పన్నిరిగిందా?” మెస్సంతా నవ్వింది.

మరుసటి సెలవుకు లైబ్రరీలో నిఘంటువులు తిరగేశాను. రెండూ స్పానిష్ నుంచి వచ్చిన మాటలే. లాసోకు మూలం ఉచ్చు అనే అర్థమున్న పాత లాటిన్ పదం. లారియట్ అసలు ‘లా రియాటా’, అంటే ‘ఆ తాడు’. రియాటాకు మూలమైన క్రియకు అర్థం మళ్ళీ కట్టడం. పొంగిపోతూ వచ్చి చెప్పాను.

“అయితే గుర్రాలోళ్ళూ మనోళ్ళేనన్నమాట!” అని పెద్దగా నవ్వారు. “మరి నీ ముడి ఇప్పితే మూతి ముడుస్తావేటి?”

“బాగున్న ముడిని విప్పడమెందుకు మేస్త్రీ?”

“బాగున్నాదని ఎవుడు సెప్పినాడు? నిన్నటోడు. నిన్నటి గాలి వేరు, నేటి గాలి వేరు.”

కొన్ని నెలలకు ఆయన వీసా ముగిసింది. ఆఖరి రోజు లాంచీని తన చేతులతోనే కట్టి, నన్ను పిలిచారు. “ఇప్పుడు డ్యూటీ నీది. పని వచ్చిందా, జట్టులో ఉంటావు. లేదా, స్టోరుకే.” జట్టంతా చూస్తోంది. అంత అందమైన ముడిని నేను అంతకుముందు చూడలేదు. వెళ్ళిపోయే మనిషి గుర్తుగా దాన్ని ఉంచేయాలనిపించింది. కానీ వంగి విప్పాను. మళ్ళీ కట్టాను. ఆయన తాడు మీద కాలేసి గట్టిగా తొక్కి చూశారు.

“ఖలాస్. ఈడు మనోడు,” అని సంచీ భుజానికెత్తుకున్నారు.

ఇప్పుడు నా ముడిని విప్పడానికి ఎవరైనా వంగితే, పక్కకు జరిగి చోటిస్తాను.