‘నేను చూసుకుంటా’ అనని గురువారం

ఒమాన్ దేశంలోని సూర్‌లో నేను పనిచేసే కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో గురువారం మధ్యాహ్నం పెద్ద హడావుడి. శుక్ర, శనివారాలు సెలవు కదా. తండ్రో, అన్నో, మేనమామో వచ్చి రిజిస్టర్లో సంతకం పెడితే తప్ప పిల్ల గేటు దాటదు. ఆ రిజిస్టర్ నా దగ్గరే ఉంటుంది. నా ఉద్యోగం పేరు రెసిడెంట్ అసిస్టెంట్. హాస్టల్లోనే ఒక గదిలో ఉంటూ అమ్మాయిల మంచిచెడ్డలు చూడడం నా పని. జ్వరం మాత్రల దగ్గర్నుంచి ఒకే గదిలో ఇద్దరికి పడక వచ్చే తగాదాల దాకా అన్నీ నా నెత్తినే.

చేరిన కొత్తలో ఊరుకోక ఆన్‌లైన్లో ఒక కోర్సులో చేరాను. స్టూడెంట్ డెవలప్‌మెంట్ థియరీ. పద్దెనిమిదేళ్ళ పిల్లలు కాలేజీలో ఎలా ఎదుగుతారు, ఇంకొకరి మీద ఆనుకోవడం మాని సొంతంగా నిర్ణయం తీసుకోవడం ఎలా నేర్చుకుంటారు, మనం ఎక్కడ చెయ్యి అందించాలి, ఎక్కడ వదిలేయాలి అన్నది అందులోని పాఠం. దాచడం దేనికి, నాలుగు పాఠాలు చదివేసరికి నాకు కొమ్ములొచ్చాయి. ఏ పిల్ల ఎదురుపడినా ఇది ఏ దశలో ఉందా అని కొలవడం మొదలుపెట్టాను.

మా సూపర్‌వైజర్ ఈ ఊరావిడే, యాభై దాటిన మనిషి. ఆవిడకు థియరీ గీరీ ఏమీ లేదు. ఏ పిల్లకు ఏ ఇబ్బంది వచ్చినా ముందు తండ్రికి ఫోన్ చేసేది. ఆరోగ్యం అడిగి, తోటలో ఖర్జూరం కాపు అడిగి, నింపాదిగా అసలు సంగతికి వచ్చేది. “నీ కూతురు నా కూతురే” అనకుండా ఫోన్ పెట్టేది కాదు. ఇలాగైతే ఈ పిల్లలు ఎప్పటికి పెద్దవాళ్ళవుతారని నేను లోపల విసుక్కునేదాన్ని.

హాస్టల్లో తెలుగు పిల్ల ఒక్కతే. జగిత్యాల వైపు వాళ్ళు. తండ్రి మేస్త్రీగా వచ్చి, బహ్లాలో ఒక కంపెనీలో ఫోర్‌మన్ అయి, సంసారాన్ని తెచ్చుకున్నాడు. పిల్ల ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా చదివేది. ఇంకొక్క ఏడాదే మిగిలింది. అప్పుడు తండ్రి పని అయిపోయి, ఇల్లంతా ఇండియాకు తిరిగిపోవాల్సి వచ్చింది. పిల్ల ఇక్కడే ఉండి చదువు పూర్తిచేయాలంటే కాలేజీయే వీసా ఇప్పిస్తుంది, కానీ తండ్రి ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ ఫారం ఇవ్వడానికి వచ్చే ఆదివారం ఆఖరి రోజు.

ఆ వారం మొదట్లో ఫారం పట్టుకుని నా గదికి వచ్చింది. “అక్కా, మా బాపుతోని మీరొక్క మాట చెప్పుండ్రి. నేను చూసుకుంట అనుండ్రి సాలు. సంతకం పెడ్తడు.”

నేను కోర్సులో చెప్పినట్టే సూటిగా ఆమె కళ్ళలోకి చూశాను. “చూడు పాపా, నీ మాట నువ్వే చెప్పుకోవాల. నేను చెప్తే అది నా మాట అవుతుంది గానీ నీది కాదు.”

“నేను చెప్పనని కాదక్కా. మీరు గూడ చెప్తే…”

“నువ్వు చెప్పగలవు. పద, ఇప్పుడే చెప్పి చూడు. నేనే మీ నాయన అనుకో.”

మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి సాధన చేయించాను. నేను తండ్రిలాగా అడ్డు చెప్పడం, ఆమె జవాబు చెప్పడం. మొదటి రోజు మాటమాటకీ తడుముకుంది. మూడో రోజుకు తడుముకోకుండా చెప్పింది. నాకెంత గర్వమో! నా కోర్సు పుస్తకంలో ఆ పిల్ల గురించి అర పేజీ రాసుకున్నాను కూడా.

గురువారం తండ్రి వచ్చాడు. బహ్లా నుంచి మూడు నాలుగు గంటల దారి, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. మామూలుగా గేటు దగ్గరే రిజిస్టర్ అడిగి సంతకం పెట్టి పోయే మనిషి, ఆ రోజు ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగాడు.

“మా బిడ్డ ఎట్లుంటున్నది మేడమ్?”

“బాగుందన్నా. బాగా చదువుతాంది.”

“మేమందరం పోతే మల్ల… ఆడపిల్ల, గీడ ఒక్కతే ఎట్లనో ఏమో.” అని ఆగి నా మొహంలోకి చూశాడు.

నాలుక చివరి దాకా వచ్చింది. నేనున్నానన్నా, దిగులు పడొద్దు అనాలనిపించింది. ఆపుకున్నాను. నేను నోరు తెరిస్తే పిల్ల మూడు రోజుల కష్టం పాడవుతుందనుకున్నాను. “ఆ సంగతి మీ అమ్మాయే మీతో మాట్లాడుతుందన్నా,” అన్నాను. ఆయన పెన్ను మూత రెండు మూడుసార్లు తిప్పి, “సరే మేడమ్,” అని రిజిస్టర్లో సంతకం పెట్టి లేచాడు.

ఆదివారం పిల్ల రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బుధవారం కాలేజీ నుంచి కబురు వచ్చింది, చదువు మానేస్తున్నట్టు తండ్రి కాగితం ఇచ్చాడని, ఇంటిల్లిపాదికీ వీసాలు క్యాన్సిల్ అయ్యాయని. సూపర్‌వైజర్ విని నన్ను ఒకటే అడిగింది. “తండ్రి నీ గదిలోకి వచ్చి కూర్చున్నాడు కదా, నువ్వేం చెప్పావు?” నేను నా థియరీ అంతా చెప్పాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. కాఫీ పోసిచ్చింది.

మరుసటి గురువారం సామాను తీసుకుపోవడానికి తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన కింద పెట్టెలు బండిలో సర్దుతుంటే పిల్ల తాళంచెవి ఇవ్వడానికి నా గదికి వచ్చింది.

“మీరు నేర్పినట్లే చెప్పిన అక్కా. ఒక్క మాట గూడ మర్చిపోలే. బాపు మొత్తం విన్నడు. కోపానికి రాలే.”

“మరి?”

“ఆఖరుకు ఒక్కటే అడిగిండు. గా మేడమ్ ఏమన్నది అని. ఏమనలే బాపూ, నువ్వే చెప్పుకో అన్నది అని చెప్పిన. మీ మీద అబద్ధం చెప్పబుద్ధి కాలే.”

నాకు పదిహేడేళ్ళప్పుడు కడపలో హాస్టల్లో చేరడానికి మా నాయన ససేమిరా ఒప్పుకోలేదు. మా లెక్కల టీచర్ మా ఇంటికి వచ్చి, వసారాలో కూర్చుని, “పంపించన్నా, నేను చూసుకుంటా” అంది. అంతే, మరుసటి వారం నా పెట్టె సర్దారు. ఆ రోజు నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను, ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ టీచర్ నన్ను ఎదగనివ్వలేదని ఎవరనగలరు? కోర్సు పుస్తకం మళ్ళీ తీసి చూశాను. సవాలుతో పాటు ఆసరా కూడా అంతే ఉండాలని అందులో రాసే ఉంది. నేను గీత గీసుకున్నది సవాలు అన్న మాట కింద మాత్రమే. థియరీని ఏం అనను, తప్పు నాది.

కిందికి దిగి రిజిస్టర్ తెరిచాను. తండ్రి కూతురి పేరు ఎదురుగా సంతకం పెట్టాడు. పక్కనే పిల్ల తిరిగి వచ్చే తేదీ రాసే గడి ఉంటుంది. పెన్ను దాని మీద ఆపి నన్ను మర్యాదగానే అడిగాడు.

“గీడ ఏం రాయాలె మేడమ్?”

ఆ మనిషి నా నోటి మాట కోసం ఆగడం అది రెండోసారి. ఖాళీగా వదిలేయండన్నా అని చెప్పాను.